పది రోజుల బాత్‌రూమ్ ప్యాకేజీ: కంపెనీకి 2 స్టార్లు, వాళ్ళ ప్లంబర్‌కి 5

కంపెనీ పేరు రాయట్లేదు. పాత బాత్‌రూమ్ పగలగొట్టి పది రోజుల్లో కొత్తది ఇస్తామనే ప్యాకేజీలు ఇప్పుడు హైదరాబాద్‌లో చాలామంది అమ్ముతున్నారు. నాకు ఒకరి దగ్గర ఎదురైంది మీకు ఇంకొకరి దగ్గర ఎదురు కావచ్చు, కాబట్టి పేరు కంటే జరిగింది తెలుసుకుంటేనే ఉపయోగం.

లెక్క ముందే చెప్పేస్తా. మార్చి 3న మొదలుపెట్టి 13కల్లా ఇస్తామన్న బాత్‌రూమ్ 26న చేతికొచ్చింది. రూ. 1,65,000 అన్నది రూ. 2,08,000 అయింది. కానీ మూడు నెలల నుంచి వాడుతున్నాం, ఎక్కడా చుక్క కారలేదు, వాసన లేదు, మూలల్లో నీళ్ళు నిలవట్లేదు. కోపమూ ఉంది, తృప్తీ ఉంది, రెండింటికీ కలిపి ఒకే రేటింగ్ ఇవ్వడం నావల్ల కాలేదు.

మాది కేపీహెచ్‌బీలో 2003లో కట్టిన అపార్ట్‌మెంట్, స్టిల్ట్ మీద అయిదు అంతస్తులు, మేము రెండో అంతస్తులో ఉంటాం. కామన్ బాత్‌రూమ్ పొడవు 7 అడుగులు, వెడల్పు నాలుగున్నర, అందులో ఇండియన్ సీటు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, గోడ పట్టుకుని లేవాల్సి వస్తోంది, ఒకసారి లేవలేక పిలిచింది కూడా. ఇక వాయిదా వేయకూడదనుకున్నాం. దీనికి తోడు కింది ఫ్లాట్ ఆంటీ వాళ్ళ బాత్‌రూమ్ సీలింగ్ మీద నిమ్ము మరక ఉంది, ఆవిడ రెండేళ్ళుగా దాన్ని ఫోటో తీసి గుడ్ మార్నింగ్ మెసేజ్ పంపినంత క్రమం తప్పకుండా నాకు వాట్సాప్ చేస్తున్నారు. పాపం ఆవిడ తప్పేం లేదు, నీళ్ళు మా పైనుంచే దిగుతున్నాయి.

కంపెనీ నుంచి వచ్చిన డిజైనర్ కుర్రాడు మర్యాదస్తుడు. లేజర్‌తో కొలతలు తీసుకుని, అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, నలభై నిమిషాల్లో ట్యాబ్‌లో త్రీడీ బొమ్మ చూపించాడు. బొమ్మ బాగుంది, కాదనను. "డోర్ తీయగానే కమోడ్ కనిపించకూడదు సార్, ఇప్పుడందరూ ఇలాగే అడుగుతున్నారు" అంటూ కమోడ్‌ని డక్ట్ (పైపులు దిగే సందు) వైపు గోడ నుంచి తలుపు పక్క గోడకి మార్చేశాడు. గోడ లోపల కనపడకుండా ఉండి వేడి, చల్ల నీళ్ళని కలిపి షవర్‌కి మళ్ళించే డైవర్టర్, పైన రెయిన్ షవర్, నేల మీద సన్నగా పొడవుగా ఉండే స్టీల్ డ్రెయిన్, అన్నీ పెట్టాడు. గోడకి వేలాడే కమోడ్ కూడా పెడతానన్నాడుగానీ, దాని ఫ్రేమ్ కోసం ఆరంగుళాల దిమ్మె కట్టాలి అనగానే నాలుగున్నర అడుగుల గదిలో అంత చోటు పోగొట్టుకోలేమని అది మాత్రం వద్దన్నాను. ఈ నలభై నిమిషాల్లో మురుగు ఎటు పోతుంది, పైపులు ఎక్కడున్నాయి అని అతను అడగలేదు. నేనూ అడగలేదు. టైల్స్ రంగు దగ్గర మా ఆవిడా నేనూ గంటసేపు వాదించుకున్నాం, పైపుల గురించి మాత్రం ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

మొదటి రోజు బ్రేకర్ మిషన్‌తో ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు, వాళ్ళతో పాటు ప్లంబర్. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. ఊరు ఒడిశాలో కేంద్రపడా జిల్లా పట్టముండై వైపు. ఆ ప్రాంతం నుంచి దేశమంతా ప్లంబర్లు వెళ్తారు, పట్టముండైలో ప్లంబింగ్ నేర్పడానికే ఒక ప్రభుత్వ సంస్థ ఉంది. ఈయన హైదరాబాద్ వచ్చి పద్నాలుగేళ్ళైందట, తెలుగు శుభ్రంగా మాట్లాడతాడు, కోపం వస్తే మాత్రం హిందీలోకి వెళ్తాడు. మన ఇండియన్ సీటుని శానిటరీ షాపుల్లో 'ఒరిస్సా పాన్' అంటారు కదా, అది పగలగొడుతుంటే "మా ఊరిది తీసేస్తున్నారు సార్" అని నవ్వాడు. మొత్తం పనిలో ఆయన వేసిన జోక్ అదొక్కటే.

పాత అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్ళకి తెలిసే ఉంటుంది, బాత్‌రూమ్ కింద స్లాబ్ మిగతా ఇంటి స్లాబ్ కంటే లోతుగా పోస్తారు, సంకెన్ అంటారు. ఆ గుంతలో పైపులు వేసి, పైన ఇటుక ముక్కలు, సిమెంట్ బిళ్ళలు నింపి, దాని మీద గచ్చు చేసి టైల్స్ వేస్తారు. మాది తవ్వేసరికి ఆ ఇటుక ముక్కలు పిండితే నీళ్ళు కారేటట్టున్నాయి. పాన్ కింద వాసన ఆపడానికి నీళ్ళు నిలిచే వంపుకీ (ట్రాప్ అంటారు) పైపుకీ మధ్య జాయింట్‌ని అప్పట్లో సిమెంట్‌తో పూడ్చి వదిలేశారు, అది ఎప్పుడో పగిలిపోయింది, అంటే ఇన్నేళ్ళూ పోసిన ప్రతి చెంబులో కొంత కిందికి ఇంకుతూనే ఉంది. ఆంటీకి ఫోన్ చేసి సారీ చెప్పాను. "ఇప్పటికైనా దొరికింది కదమ్మా" అన్నారావిడ, అంతకంటే ఇంకేమంటారు.

అసలు కథ ఇక్కడే మొదలైంది. గుంత మొత్తం ఖాళీ చేశాక ప్లంబర్ టేపు పెట్టి కొలిచాడు. స్లాబ్ నుంచి హాల్ నేల వరకు 9 అంగుళాలు. అందులో టైలు, దాని కింద మాల్, హాల్ కంటే బాత్‌రూమ్ కొంచెం పల్లంగా ఉండాల్సిన తేడా, ఇవన్నీ తీసేస్తే పైపుకి మిగిలేది ఆరంగుళాలు. నాలుగంగుళాల మురుగు పైపు అంటే బయటి కొలత 110 మిల్లీమీటర్లు. కమోడ్ కింద నుంచి అది పక్కకి తిరగడానికి వేసే బెండుకే ఏడెనిమిది అంగుళాల లోతు కావాలి. పైగా వాటం (వాలు) ఉండాలి, అడుగుకి పావు అంగుళం చొప్పున. బొమ్మలో కమోడ్ ఉన్నచోటు నుంచి డక్ట్ దాకా 5 అడుగులు, అంటే ఇంకో అంగుళంపావు. ఆయన ఈ లెక్కంతా నా ముందే సుద్దముక్కతో గోడ మీద వేశాడు. వేసి, "సార్, బొమ్మలో ఉన్నట్టు రాదు" అన్నాడు.

సైట్ సూపర్‌వైజర్ వచ్చి రెండు ఉపాయాలు చెప్పాడు. మొదటిది, నేల మూడంగుళాలు లేపి తలుపు దగ్గర చిన్న మెట్టు పెట్టడం. మోకాళ్ళ నొప్పుల కోసం చేయిస్తున్న బాత్‌రూమ్‌కి మెట్టు! అమ్మ అక్కడే నిలబడి వింటోంది, "నాయనా, దానికన్నా పాతదే నయం కదా" అంది. రెండోది ఇంకా గొప్పది. గదికీ డక్ట్‌కీ మధ్య గోడ కింద బీమ్ ఉంది, బిల్డర్ పోతపోసేటప్పుడే అందులో పైపులు దూరడానికి రెండు బెజ్జాలు (స్లీవ్‌లు) వదిలాడు, మురుగుకి నాలుగంగుళాలది, స్నానం నీళ్ళకి మూడంగుళాలది. తలుపు వైపు నుంచి వచ్చే పైపు తిన్నగా వస్తే ఆ స్లీవ్‌కి సరిపోదు, అడుగున్నర పక్కకి పడుతుంది. అందుకని కోర్ కటింగ్ మిషన్ తెప్పించి బీమ్‌కి ఇంకో బెజ్జం కొడతానన్నాడు. "డైమండ్ బిట్ సార్, పావుగంట పని" అని.

ప్లంబర్ లేచి నిలబడి చేతులు దులుపుకున్నాడు. "బీమ్‌కి నేను బెజ్జం పెట్టను. లోపల ఇనుము తెగుద్ది. మీరు కొట్టిస్తే నేను పైపు కూడా పెట్టను, వెళ్ళిపోతా." ఇది నాతో కాదు, తనకి రోజు కూలీ రాసే మనిషితో అన్నాడు. అయిదంగుళాల బెజ్జం అంటే బీమ్ లోపలి కడ్డీలు కొన్ని తెగిపోవడం ఖాయం, మా నేల, గోడల బరువు మోస్తున్న బీమ్ అది. సూపర్‌వైజర్‌కి ఈ సంగతి తెలియదనుకోను, తెలిసీ అడిగాడంటే పది రోజుల గడువు అతన్ని ఎంత తరుముతోందో అర్థమవుతుంది. నేను ప్లంబర్ వైపే మాట్లాడాను. మిషన్ రాలేదు.

తర్వాత ఆయన చెప్పిన పరిష్కారం ఎంత సింపుల్‌గా ఉందంటే ఇది డిజైనర్‌కి ఎందుకు తట్టలేదో నాకిప్పటికీ తెలియదు. కమోడ్‌ని తిరిగి డక్ట్ గోడకే పెట్టాలి, కానీ నేలలోకి దిగే ఎస్ ట్రాప్ కాకుండా వెనక గోడలోకి పోయే పీ ట్రాప్ కమోడ్ తీసుకోవాలి. పీ ట్రాప్‌లో మురుగు పోయే నోరు నేల నుంచి సుమారు ఏడంగుళాల ఎత్తులో ఉంటుంది. మా బీమ్ పైభాగం దాదాపు నేల మట్టానికే ఆగిపోతుంది, దాని పైన ఉన్నది ఉత్త ఇటుక గోడ. ఆ ఇటుకలో బెజ్జం పెట్టుకుంటే బీమ్ జోలికే పోనక్కర్లేదు, సంకెన్‌లో లోతు చాలలేదన్న గొడవా ఉండదు. ఎందుకంటే పెద్ద పైపు అసలు నేలలోకే దిగదు! తలుపు తీస్తే కమోడ్ కనిపిస్తుంది, నిజమే. మా ఇంట్లో దాన్ని చూసి ఇంతవరకు ఎవరూ జడుసుకోలేదు.

ఒక చిక్కు మిగిలింది. కంపెనీ అప్పటికే ఎస్ ట్రాప్ కమోడ్ కొని పెట్టెతో సహా మా హాల్లో దింపేసింది. పీ ట్రాప్ దానికి బెండు తగిలించి నేలలోకి తిప్పుకోవచ్చుగానీ, ఎస్ ట్రాప్ దాన్ని గోడలోకి తిప్పడం కుదరదు. అది మార్పించడానికి నాలుగు రోజులు పట్టింది, ఆ నాలుగు రోజులూ పని ఆగింది. కమోడ్ కొనే ముందు మీ పైపు గోడలోకా నేలలోకా, నేలలోకైతే గోడ నుంచి ఎన్ని అంగుళాల దూరంలో ఉందో కొలుచుకుని వెళ్ళండి. షాపులో ఎలాగూ అడుగుతారు, అప్పుడు గుర్తులేక అంచనాగా తొమ్మిది అనో పన్నెండు అనో చెప్తే ఇంటికొచ్చాక కుదరదు.

డక్ట్‌లో పని నేను దగ్గరుండి చూశాను, చూడకపోయినా బాగుండేది. వెంటిలేటర్ అద్దాలు తీసి, నడుముకి తాడు కట్టుకుని, ఆ తాడుని లోపల గ్రిల్‌కి బిగించి, రెండున్నర అడుగుల సందులోకి దిగాడు. లోపల పావురాల రెట్టలు, ఇరవయ్యేళ్ళ చెత్త. కంపెనీ ఇచ్చింది హెల్మెట్ ఒక్కటే, తాడు ఆయన సొంతం. ఈ విషయంలో కంపెనీకి ఇంకో స్టార్ తగ్గించాలని ఉంది. నిలువు మురుగు పైపు మా పై మూడు ఫ్లాట్లది కూడా కాబట్టి దాన్ని కోసి మూడు నోళ్ళ 'టీ' జాయింట్ కొత్తగా వేయాలంటే పైవాళ్ళు ఎవరూ గంటల తరబడి ఫ్లష్ చేయకూడదు, చేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఆయన దాన్ని ముట్టుకోలేదు. మా పాత పైపు కలిసే టీ అలాగే ఉంచి, గోడలోంచి కొత్తగా బయటికొచ్చిన పైపుని రెండు నలభై అయిదు డిగ్రీల బెండులతో వాలుగా కిందికి దింపి అదే టీలో కలిపాడు. ఒకే తొంభై ఎల్బో వేస్తే సామాను తక్కువ కదా అన్నాను. "అక్కడే అడ్డం పడుద్ది సార్, రెండేళ్ళకి మీరే తిట్టుకుంటారు." ఒక బెండుకి మూత ఉన్నది పెట్టాడు, రేపు ఎప్పుడైనా జామ్ అయితే ఆ మూత విప్పి తీయొచ్చు.

ఇప్పుడు బీమ్‌లో పాత నాలుగంగుళాల స్లీవ్ ఖాళీగా మిగిలింది కదా. నేనైతే సిమెంట్ కొట్టి మూసేసేవాణ్ణి. ఆయన అందులో సన్నటి పైపు ఒకటి సంకెన్ అడుగు మట్టానికి పెట్టి, చుట్టూ గ్రౌట్‌తో గట్టిగా పూడ్చి, రెండో చివరని దేనికీ కలపకుండా డక్ట్‌లోకి వదిలేశాడు. రేపు నేల కింద ఎక్కడైనా లీక్ అయితే ఆ నీళ్ళు ఆంటీ సీలింగ్‌లోకి దిగకుండా ఆ పైపులోంచి డక్ట్‌లోకి పడతాయి. నేను వెంటిలేటర్‌లోంచి చూస్తే తెలిసిపోతుంది. ఇది కొటేషన్‌లో లేదు, ఎవరూ అడగలేదు, దీనికి డబ్బులూ తీసుకోలేదు. ఆయనకి అయిదు స్టార్లు అన్నది ముఖ్యంగా దీనికే. ఇప్పటికీ వారానికోసారి టార్చ్ వేసి ఆ పైపు మూతి చూస్తుంటాను, పొడిగానే ఉంది.

నీళ్ళ పైపుల సంగతి కొంచెం తొందరగా చెప్తాను. ప్యాకేజీలో 'ఉన్న పాయింట్ల వరకు కొత్త సీపీవీసీ' (వేడినీళ్ళకి ఆగే ప్లాస్టిక్ పైపు) అని రాసి ఉంది. చదివినప్పుడు కొత్త పైపులన్నీ వస్తాయనుకున్నాను. దానర్థం ఏంటంటే గోడలో పాత జీఐ (ఇనుప) పైపు ఎక్కడ తేలితే అక్కడ కొత్తది అతికిస్తారు, అంతే. ప్లంబర్ ఆ జీఐ పైపు ఒక జానెడు కోసి నా చేతిలో పెట్టాడు. బయటికి అరంగుళం పైపే, లోపల తుప్పూ బోరు నీళ్ళ సున్నమూ పేరుకుని బెజ్జం పెన్ రీఫిల్ అంత మిగిలింది. ఇన్నాళ్ళూ గీజర్ నీళ్ళు సన్నగా వస్తుంటే గీజర్‌ని తిట్టాం, రెండుసార్లు సర్వీసింగ్ కూడా చేయించాం. ఆ ముక్క దాచుకున్నాను, ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చూపిస్తున్నాను, మా ఆవిడకి చిరాకు. మొత్తం డక్ట్ దగ్గర నుంచి ముప్పావు అంగుళం సీపీవీసీ కొత్తగా లాగించాం, బిల్లు పెరగడంలో పెద్ద వాటా దీనిదే.

దానికోసం నీళ్ళు ఆపాలి. మా ఫ్లాట్ గేట్ వాల్వ్ చక్రం తిరుగుతోందిగానీ లోపల గేటు కదల్లేదు, ఇంకొంచెం బలంగా తిప్పితే స్పిండిల్ విరిగి చేతికొచ్చింది. ఇక టెర్రస్ మీద ఆ లైన్ మొత్తం కట్టేయాల్సిందే, అంటే అయిదు ఫ్లాట్లకి నీళ్ళు బంద్. అసోసియేషన్ గ్రూపులో పదకొండు నుంచి ఒంటిగంట వరకు అని మెసేజ్ పెట్టాం. పదకొండుంపావుకి నాలుగో అంతస్తు అంకుల్ తలకి షాంపూతో ఫోన్ చేశారు. బకెట్ నీళ్ళు మోసుకెళ్ళి ఇచ్చి వచ్చాను. గేట్ వాల్వ్ చోట బాల్ వాల్వ్ పెట్టించాం, ఇప్పుడు ఒక పావు తిప్పు తిప్పితే ఆగిపోతుంది.

గోడ లోపల డైవర్టర్ ఎందుకు పోయిందో చెప్పాలి. షవర్ గోడ నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, అవతల మా బెడ్‌రూమ్ వార్డ్‌రోబ్. డైవర్టర్ బాడీ కూర్చోవడానికి గోడని సగానికి పైగా తొలవాలి. కుర్రాడు గాడి కొట్టడం మొదలుపెట్టిన పది నిమిషాలకి అవతల వార్డ్‌రోబ్ వెనక ప్లాస్టరింగ్ పెచ్చు ఊడి మా ఆవిడ పట్టుచీరల మీద పడింది. అంతటితో ఆపించాం. మామూలుగా బయటికి కనిపించే వాల్ మిక్సర్ పెట్టించాం, డిజైనర్ ఫోన్‌లో "అది అవుట్‌డేటెడ్ సార్" అన్నాడు. అయితే ఏం, రేపు చెడిపోతే టైలు పగలగొట్టకుండా విప్పుకోవచ్చు. వాల్ మిక్సర్‌కి వేడి, చల్ల పాయింట్ల మధ్య 6 అంగుళాలు ఉండాలి, ప్లాస్టరింగ్‌లో అవి కదిలిపోకుండా ఆయన ఒక పాత మిక్సర్‌నే వాటికి బిగించి ఉంచి, మాల్ గట్టిపడ్డాక విప్పాడు.

రెయిన్ షవర్ మాత్రం పెట్టించుకున్నాం, బాగా వస్తోంది. పైఅంతస్తుల వాళ్ళు మాత్రం తొందరపడకండి. పది మీటర్ల ఎత్తు నుంచి నీళ్ళు దిగితే సుమారు ఒక కేజీ ప్రెషర్. మా షవర్‌కీ ట్యాంక్‌కీ మధ్య దాదాపు 12 మీటర్లు ఉంది. అయిదో అంతస్తులో అది రెండు రెండున్నర మీటర్లకి మించదు, అంటే పావు కేజీ. మా పైన అయిదో అంతస్తులో ఒకాయన ఇలాంటిదే పెట్టించుకున్నారు, గుళ్ళో తీర్థం ఇచ్చినట్టు వస్తోందట. ప్రెషర్ పంప్ పెట్టించుకోగలిగితేనే దాని జోలికి వెళ్ళండి.

పొడుగు స్టీల్ డ్రెయిన్ కూడా మారింది. కంపెనీ పంపిన దానికి కింద నీళ్ళు నిలిచే ట్రాప్ లోతుగా లేదు, వేలు పెడితే అడుగు తగిలింది. ఆ నీళ్ళే కదా డక్ట్ వాసననీ బొద్దింకలనీ ఆపేది, కనీసం రెండంగుళాలైనా నిలవాలి, లేకపోతే వేసవిలో నాలుగు రోజులు ఊరెళ్ళొస్తే ఆవిరైపోయి ఇల్లంతా కంపు. దాని బదులు లోతైన మల్టీ ట్రాప్ పెట్టి, బేసిన్ నీళ్ళు కూడా అందులోకే తెచ్చాడు. నేల జాలీ కింద ఉండేదాన్ని మనవాళ్ళు నాని ట్రాప్ అంటారే, దాని పెద్దన్న లాంటిది. పైన చదరపు జాలీ. అందంగా లేదు, పని చేస్తోంది.

ఈయన చేతుల్లోనూ ఒక పొరపాటు జరిగింది, దాచను. టైల్స్ వేసే ముందు పైపుల్లో చేతి పంపుతో నీళ్ళు నింపి 7 కేజీల దగ్గర ముల్లు నిలబెట్టి రాత్రంతా వదిలేశాం. పొద్దున చూస్తే ముల్లు రెండు దగ్గరుంది. వెతికితే గీజర్ లైన్లో ఒక ఎల్బోకి సొల్యూషన్ (అతికించే జిగురు) రాయకుండానే దూర్చేశారు. సీపీవీసీలో ఇది ప్రమాదం, సొల్యూషన్ లేకపోయినా బిగుతుగా కూర్చుంటుంది, మామూలు నీళ్ళకి వెంటనే బయటపడదు, టైల్స్ వేసి ఇంట్లో దిగాక ఒకరోజు ఊడుతుంది. హెల్పర్ కుర్రాడి పని అది. కానీ ఆయన కుర్రాడి మీదికి తోసేయలేదు, "నేను చూసుకోవాల్సింది" అని ఆ రోజు అన్ని జాయింట్లనీ మార్కర్‌తో టిక్కు పెట్టుకుంటూ మళ్ళీ చూశాడు. ఈ ప్రెషర్ టెస్ట్ కంపెనీ షెడ్యూల్లో ఉందిగానీ 'ఒక గంట' అని ఉంది. ఒక గంటకే ఆపి ఉంటే ఆ ఎల్బో దొరికేదా అంటే, నాకు అనుమానమే.

వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక నీళ్ళు నిలిపి చూడటం కూడా అంతే. వాళ్ళు ఒక రోజు చాలన్నారు, మేము రెండు రోజులు పట్టుబట్టాం. గుంతలో నీళ్ళు నింపి గోడ మీద పెన్సిల్‌తో గీత గీశాను. అమ్మ ఆ రెండు రాత్రులూ మధ్యలో లేచి టార్చ్ వేసి గీత చూసి, "అట్లాగే ఉందిరా" అని నిద్రలో ఉన్న నాకు చెప్పి వెళ్ళి పడుకుంది. కింద ఆంటీ వాళ్ళ సీలింగ్‌కి పాత మరక చుట్టూ చాక్‌పీస్‌తో గీసి పెట్టారు, అది దాటి తడి రాలేదు. మార్చిలోనే ట్యాంకర్లు తెప్పించుకునే అపార్ట్‌మెంట్ మాది, అన్ని నీళ్ళు బాత్‌రూమ్‌లో నిలబెట్టానని సెక్రటరీ గారు ఒక మాటన్నారు, పడ్డాను.

ఇక అసలు కోపం. అన్నీ అయిపోయాయి, టైల్స్ వేశారు, కమోడ్ కూర్చుంది, ఫిట్టింగ్స్ పెట్టడానికి కంపెనీ వేరే టీమ్‌ని పంపింది. ప్లాస్టరింగ్‌కి ముందే పైపుల పక్కన టేపు పట్టుకుని ప్రతి గోడకీ ఫోటో తీయించాడు ప్లంబర్, నేల నుంచి ఎంత ఎత్తులో, మూల నుంచి ఎంత దూరంలో ఉందో అందులో కనిపిస్తుంది. ఆ ఫోటోలు సూపర్‌వైజర్‌కి పంపాను, బ్లూ టిక్ కూడా వచ్చింది. వచ్చిన కుర్రాడికి అవి ఎవరూ చూపించలేదు. టవల్ రాడ్ కోసం డ్రిల్ పెట్టాడు, సరిగ్గా వేడి నీళ్ళ పైపులోకి. గోరుచుట్టు మీద రోకలిపోటు అంటే ఇదే. కొత్త టైల్స్ మీంచి నీళ్ళు చిమ్ముతుంటే కొత్త బాల్ వాల్వ్ దగ్గరికి పరుగెత్తి కట్టేశాను, అది పెట్టించుకున్న పుణ్యం అప్పుడు తెలిసింది. రెండు టైల్స్ పగలగొట్టి, ముక్క కోసి, కప్లింగ్ వేసి, సొల్యూషన్ ఆరడానికి ఒక రోజు ఆగి, మళ్ళీ టెస్ట్ చేసి, మళ్ళీ టైల్స్. అదనంగా కొన్న టైల్స్ సరిగ్గా రెండే మిగిలాయి, అవి కాస్తా అయిపోయాయి. దీనికి రూ. 5,000 బిల్లులో వేశారు! తప్పు వాళ్ళది, బిల్లు నాకు. మూడు ఫోన్లు, రెండు మెయిళ్ళు చేశాను, 'పరిశీలిస్తున్నాం' అన్నారు, మూడు నెలలుగా పరిశీలిస్తూనే ఉన్నారు.

మిగతా అదనపు లెక్క: ప్లంబింగ్‌కి 19,000, సంకెన్ లోపలి వాటర్‌ప్రూఫింగ్‌కి 12,500 (ప్యాకేజీలో ఉన్నది టైల్స్ కింద పూసే పై పూత మాత్రమేనట), తవ్వి తీసిన చెత్త మోయించడానికి 6,500. చెత్త సంగతి మాత్రం వాళ్ళు ముందే ఊహించగలరు, బాత్‌రూమ్ తవ్వితే ఇటుక ముక్కలు కాక ఇంకేం వస్తాయి? ప్లంబింగ్ ఖర్చు మీద నాకు గొడవ లేదు. అది అవసరమైన పనే. కొటేషన్ ఇచ్చే ముందు ఒక అరపూట ప్లంబర్‌ని పంపి, డక్ట్‌లోకి తొంగిచూసి, ఫ్లోర్ ట్రాప్ జాలీ లేపి లోతు కొలిచి ఉంటే ఇందులో సగానికి పైగా మొదటి రోజే తెలిసేది. వాళ్ళ దగ్గర అంత మంచి ప్లంబర్ ఉన్నాడు, కానీ ఆయన్ని బొమ్మ గీసేటప్పుడు కాకుండా నేల పగలగొట్టాక పంపిస్తారు.

కంపెనీకి రెండు స్టార్లు ఎందుకంటే, టైల్స్ పని నీటుగా ఉంది, రోజూ సాయంత్రం హాల్ ఊడ్చి వెళ్ళారు, డబ్బు విడతలుగా తీసుకున్నారు. అమ్మ కోసం కమోడ్ పక్కన పెట్టిన పట్టుకునే రాడ్‌కి మాత్రం ఎవరినీ డ్రిల్ ముట్టుకోనివ్వలేదు. ఆ ఫోటోలు ఫోన్‌లో పెట్టుకుని, టేపుతో రెండుసార్లు కొలిచి నేనే వేశాను.

మాస్టర్ బెడ్‌రూమ్ బాత్‌రూమ్ ఇంకా అలాగే ఉంది, అదే 2003 నాటి జీఐ పైపులు. కంపెనీ వాళ్ళు 10 శాతం డిస్కౌంట్ ఇస్తామని మెసేజ్ పెట్టారు, ఫలానా ప్లంబరే వస్తాడా అంటే హామీ ఇవ్వలేమన్నారు. ఆయనకే ఫోన్ చేశాను. ఒడిశా వాళ్ళ రజ పండక్కి ఊరెళ్ళాడట, జూన్ నెలాఖరుకి వస్తానన్నాడు. ఎంతవుతుందని అడిగితే, "ముందు నాని ట్రాప్ జాలీ తీసి చూడాలి సార్, చూడకుండా నేను రేటు చెప్పను" అన్నాడు.